స్పానిష్ నేర్చుకుందాం, తెలుగు మీదుగా

ఈ సంచికకు ఏదైనా పాఠంలాంటిది రాయమన్నారు. లెక్కలూ సైన్సూ నాకంటే బాగా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు తెలిసిన విద్య ఒకటే, స్పానిష్ భాష. "పదో తరగతి ఇంగ్లీషు గట్టెక్కితే చాలు, ఇంక స్పానిష్ ఒకటా!" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఒక్కసారి ఈ పాఠం చివరిదాకా చదవండి.

ఓడ మీద పేరు

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం మా హాస్టల్ పిల్లలం రాస్ హిల్ ఎక్కాం. కింద డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఒక పెద్ద ఓడ ఛానల్లోకి వస్తోంది. దాని వెనుక భాగాన ఇంగ్లీషు అక్షరాల్లో 'పనామా' అని రాసి ఉంది. డెక్ మీద నిలబడ్డ మనిషి మమ్మల్ని చూసి చెయ్యి ఊపి ఏదో అన్నాడు. ఇంజను చప్పుడులో వినపడలేదు. వినపడినా మాకు అర్థమయ్యేది కాదు.

మర్నాడు సోషల్ మాస్టారిని అడిగాం. ఓడ ఏ దేశంలో నమోదైతే ఆ దేశం జెండా కడుతుందనీ, ప్రపంచంలో చాలా ఓడలు పనామాలో నమోదవుతాయనీ, అక్కడి భాష స్పానిష్ అనీ చెప్పారు. ఓడల మీద పనిచేసేవాళ్లలో ఫిలిప్పీన్స్ వాళ్లు ఎక్కువనీ, ఆ దేశం 1565 నుంచి 1898 దాకా స్పెయిన్ ఏలుబడిలో ఉండటంవల్ల నేటికీ వాళ్ల వారాల పేర్లలో చాలావరకు స్పానిష్‌వేననీ అన్నారు. 1933లో ప్రారంభమైన మన రేవుకు ఎన్ని దేశాల ఓడలు వచ్చి వెళ్లాయో! మన ఊరి వాకిట్లోకి లోకమంతా వస్తుంటే, మనకు ఒక్క పలకరింపు కూడా రాదే అని ఆ రోజు అనిపించింది.

నిజానికి పరాయి భాష మన ఊరికి కొత్త కాదు. ఉక్కు కర్మాగారం సోవియట్ యూనియన్ సాంకేతిక సహకారంతో కట్టారు. బీచ్ రోడ్డులో మీరు చూసిన కురుసుర జలాంతర్గామి సోవియట్ దేశంలో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది. అక్కడికి వెళ్లి శిక్షణ పొందిన మన నావికులకు రష్యన్ అవసరమైంది. పనికోసం పరాయి భాష నేర్చుకున్నవాళ్లు మన వీధుల్లోనే తిరిగారు.

ఎందుకు స్పానిష్?

స్పానిష్ దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష. స్పెయిన్, మెక్సికో, క్యూబా, కొలంబియా, పెరూ, చిలీ, అర్జెంటీనా వంటి 20 దేశాల్లో అది అధికార భాష. మన దేశం దిగుమతి చేసుకునే సోయా నూనెలో పెద్ద భాగం అర్జెంటీనా నుంచే వస్తుంది. అమెరికా హైస్కూళ్లలో ఎక్కువమంది నేర్చుకునే పరాయి భాష కూడా ఇదే. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది తొమ్మిదో తరగతి నుంచి స్పానిష్ తీసుకుంటారు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, ఆ పైన ఇది. మన దేశంలోనూ 2020 జాతీయ విద్యావిధానం ఉన్నత పాఠశాల స్థాయిలో నేర్పదగిన విదేశీ భాషలలో స్పానిష్‌ను పేర్కొంది.

క్లాసులో నవ్వుల పాలైన రోజు

చాలా ఏళ్ల తర్వాత ఒక పెద్ద నగరంలో సాయంకాలపు స్పానిష్ క్లాసులో చేరాను. పాఠం అంతా ఇంగ్లీషులో చెప్పేవారు. నాకు ఇంగ్లీషే అంతంత మాత్రం. ఒక రోజు "ఐ లైక్ రైస్" అన్నదాన్ని స్పానిష్‌లో చెప్పమన్నారు. 'ఐ' అంటే 'యో' అని తెలుసు కాబట్టి "యో గుస్తో అర్రోస్" అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. సరైన వాక్యం "మె గుస్తా ఎల్ అర్రోస్" అట. ఎందుకలా అని అడిగే ధైర్యం లేక, మానేద్దామనుకుంటూ గదికి వచ్చేశాను.

ఆ రాత్రి ఆ వాక్యాన్ని మాట మాటా విడదీసి కింద తెలుగు రాసుకున్నాను. మె అంటే నాకు. గుస్తా అంటే ఇష్టమవుతుంది. ఎల్ అర్రోస్ అంటే అన్నం. నాకు ఇష్టం అన్నం! మనం ఇంట్లో రోజూ అనే మాటే కదా ఇది! తెలుగులో "నేను అన్నం ఇష్టం" అని ఎవరైనా అంటామా? నేను చేసిన తప్పు సరిగ్గా అదే. ఇంగ్లీషు మీదుగా వెళ్లి దారి తప్పాను. తెలుగు మీదుగా వెళ్లి ఉంటే నేరుగా చేరేవాణ్ణి. ఆ రోజు నుంచి నా నోటు పుస్తకంలో ఇంగ్లీషు కాలమ్ కొట్టేసి తెలుగు కాలమ్ పెట్టాను. ఈ పాఠం అంతా ఆ నోటు పుస్తకంలోదే.

ఒకటో మెట్టు: పలకడం

స్పానిష్‌లో అచ్చులు అయిదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఇంగ్లీషులోలాగా ఒక్కో మాటలో ఒక్కో రకంగా మారవు. రాసినట్టే చదువుతారు. క, ప, త, ద అక్షరాలు దాదాపు మన నోట్లో పలికినట్టే పలుకుతాయి. ఇంగ్లీషువాళ్లు 'త'ను 'ట'గా పలికి ఇబ్బంది పడతారు. మనకు ఆ బాధ లేదు. 'ఎన్' అక్షరం మీద చిన్న అలలాంటి గీత ఉంటే అది మన 'ఞ'. ఆఞో అంటే సంవత్సరం. వర్ణమాలలో చదివి వదిలేసిన ఆ అక్షరానికి ఇన్నాళ్లకు పని దొరికింది!

గుర్తుంచుకోవలసినవి నాలుగు. 'హెచ్' అక్షరం పలకదు. 'జె' అక్షరాన్ని 'హ' అని పలకాలి. 'వి' అక్షరాన్ని 'బ' అనాలి. 'ఆర్' ఒకటే ఉంటే మామూలు ర, రెండు పక్కపక్కన ఉంటే నాలుక గట్టిగా ఆడించి ర్ర అనాలి. 'పేరో' అంటే 'కానీ'. 'పేర్రో' అంటే కుక్క. తేడా జాగ్రత్త! ఈ పాఠంలో నేను దీర్ఘం రాసిన చోట కాస్త ఒత్తి పలకండి.

మొదటి పలకరింపులు ఇవి. పెద్దగా చదవండి.

ఓలా: హలో
బ్వేనోస్ దీయాస్: శుభోదయం
కోమో తె యామాస్: నీ పేరేమిటి?
మె యామో రవి: నా పేరు రవి
గ్రాసియాస్: కృతజ్ఞతలు
నో ఎంతియెందో: నాకు అర్థం కాలేదు
ఓత్రా బేస్, పోర్ ఫబోర్: దయచేసి ఇంకోసారి

చివరి రెండూ అందరికంటే ముందు నేర్చుకోండి. క్లాసులో ఆ రోజు నాకు రాని మాటలు అవే.

పెద్దలను మనం 'మీరు' అంటాం, స్నేహితుణ్ణి 'నువ్వు' అంటాం. స్పానిష్‌లో ఈ మర్యాద ఉంది. నువ్వుకు 'తూ', మీరుకు 'ఉస్తెద్'. ఇంగ్లీషులో రెండింటికీ 'యూ' ఒకటే. ఈ విషయంలోనూ మనమే దగ్గర.

రెండో మెట్టు: తెలిసిన ముఖాలు

వారాల పేర్లు చూడండి. సోమవారం లూనెస్, మంగళవారం మార్తెస్, బుధవారం మియేర్కొలెస్, గురువారం హ్వేబెస్, శుక్రవారం బియేర్నెస్. 'లూనా' అంటే చంద్రుడు. మన సోముడూ చంద్రుడే. మార్తెస్‌లో ఉన్నది కుజుడు, అంటే మంగళుడు. తక్కిన మూడింటిలో వరుసగా బుధుడు, గురువు, శుక్రుడు. ఆ ఖండంలోనూ ఈ ఖండంలోనూ అవే గ్రహాలు, అదే వరుస! శని ఆదివారాలు మాత్రం వేరు. సాబదో అన్నది యూదుల విశ్రాంతి దినం నుంచి, దొమింగో అన్నది 'ప్రభువు దినం' నుంచి వచ్చాయి.

స్పానిష్‌కు అక్కచెల్లెలు లాంటి భాష పోర్చుగీసు. 1498లో వాస్కో డ గామా వచ్చినప్పటి నుంచి పోర్చుగీసు మాటలు మన తీరాల మీదుగా మన ఇళ్లలోకి చేరాయి. అందుకే తువాలుకు స్పానిష్‌లో తోఆయా, అల్మారాకు అర్మారియో, బొత్తానికి బొతోన్. మన మేస్త్రీ అన్న మాట కూడా పోర్చుగీసు నుంచి వచ్చిందే. దాని స్పానిష్ రూపం మాయెస్త్రో. ఆ మాటకు అర్థం తెలుసా? ఉపాధ్యాయుడు! పనిలో ఆరితేరినవాణ్ణి కూడా అలాగే పిలుస్తారు. మనలో ఎంతోమంది నాన్నలు మేస్త్రీల దగ్గర కూలికి వెళ్లి మనల్ని చదివించారు. కొందరి నాన్నలే మేస్త్రీలు. ఆ మాటకు, బడిలో మాస్టారికి ఇచ్చే గౌరవానికి అంత దగ్గర చుట్టరికం ఉందని తెలిసిన రోజు నేను మా నాన్నకు ఫోన్ చేసి చెప్పాను.

మన మెస్సులో టమాటా పప్పు లేని వారం ఉండదు. టమాటా, సపోటా రెండూ మెక్సికో ఆదివాసుల నహువాతుల్ భాష మాటలు. స్పానిష్ వాళ్ల నోట తొమాతె, సపోతె అయి లోకమంతా తిరిగి మన కంచంలోకి వచ్చాయి. మన మిరపకాయ స్వస్థలం కూడా అమెరికా ఖండమే. కాబట్టి రోజూ మనం స్పానిష్ చరిత్రను తింటూనే ఉన్నాం.

మూడో మెట్టు: 'ఉంది' కిటుకు

ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది ఇది. ఇంగ్లీషులో 'ఈజ్, యామ్' అన్న ఒక్క క్రియకు స్పానిష్‌లో రెండు క్రియలు ఉన్నాయి. ఎక్కడ ఏది వాడాలో వాళ్లకు అంతుపట్టదు. తెలుగువాళ్లకు ఒక కిటుకు ఉంది.

ఒకటి: తెలుగులో క్రియ లేని వాక్యం. "నేను విద్యార్థిని." ఇక్కడ 'ఉన్నాను' అనం. దీనికి సోయ్: "సోయ్ ఎస్తుదియాంతె."

రెండు: 'ఉన్నాను' అని అనే వాక్యం. "నేను బడిలో ఉన్నాను." దీనికి ఎస్తోయ్: "ఎస్తోయ్ ఎన్ లా ఎస్క్వేలా." "నేను బాగున్నాను" అన్నదీ ఇంతే: "ఎస్తోయ్ బియెన్."

మూడు: 'నాకు ఉంది' అనే వాక్యం. "నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు." దీనికి తేంగో: "తేంగో దోస్ ఎర్మానోస్." "నాకు ఆకలిగా ఉంది" అన్నా తేంగోనే: "తేంగో ఆంబ్రె." వయసు చెప్పేటప్పుడు కూడా ఇదే. "నాకు పదిహేనేళ్లు" అంటే "తేంగో కీన్సె ఆఞోస్."

నాలుగు: ఊరికే ఒక వస్తువు ఉందని చెప్పడం. దీనికి ఆయ్. "ఈరోజు ఏముంది?" అంటే "కె ఆయ్ ఓయ్?" మెస్సులో వరుసలో నిలబడి రోజూ అడిగే ప్రశ్న కదా, మరిచిపోరు.

ఈ కిటుకు నూటికి నూరుపాళ్లు పనిచేయదు. "మా ఊరు పెద్దగా ఉంటుంది" అన్నప్పుడు తెలుగులో 'ఉంటుంది' వచ్చినా, అది ఊరి స్థిరమైన లక్షణం కాబట్టి సోయ్ కుటుంబంలోని 'ఎస్' వాడాలి. కానీ మొదటి ఏడాదికి ఈ నాలుగు సూత్రాలూ చాలా దూరం తీసుకెళ్తాయి.

ఇంకో సౌకర్యం క్రియల చివరలు. మాట్లాడతాను, మాట్లాడతావు అంటే చాలు, 'నేను, నువ్వు' చెప్పనక్కర్లేదు. స్పానిష్ కూడా అంతే. ఆబ్లో (మాట్లాడతాను), ఆబ్లాస్ (మాట్లాడతావు), ఆబ్లా (మాట్లాడతాడు, మాట్లాడుతుంది), ఆబ్లామోస్ (మాట్లాడతాం), ఆబ్లాన్ (మాట్లాడతారు).

కష్టం ఎక్కడ?

అన్నీ సులువని చెబితే అబద్ధం అవుతుంది. స్పానిష్‌లో ప్రతి వస్తువూ ఆడదో మగదో అవుతుంది. బల్ల (మేసా) స్త్రీలింగం, పుస్తకం (లీబ్రో) పుంలింగం. ఎందుకు అంటే జవాబు లేదు, అలవాటు చేసుకోవాలి. రెండోది, మన 'లో, మీద, తో' మాట వెనుక వస్తాయి. వాళ్లవి ముందు వస్తాయి. 'బడిలో' అనడానికి 'లో బడి' అన్నట్టు చెప్పాలి. మూడోది, క్రియ వాక్యం చివర కాక మధ్యలో వస్తుంది.

కొన్నిచోట్ల మన భాషే గొప్పది. మనం, మేము రెండింటికీ వాళ్లకు 'నొసోత్రోస్' ఒకటే. అక్కకూ చెల్లికీ 'ఎర్మానా' ఒకటే. పెద్దా చిన్నా అని విడిగా చెప్పాలి.

హాస్టలే మంచి తరగతి గది

అమెరికా హైస్కూళ్లలో స్పానిష్ పాఠాన్ని పుస్తకంతోనే సరిపెట్టరు. పాటలు, నాటికలు, బొమ్మల కార్డులు, స్పానిష్ క్లబ్బులు, వంటల రోజులు ఉంటాయి. పాఠం అయ్యాక ఎవరింటికి వాళ్లు వెళ్లిపోతారు. మనం మాత్రం ఉదయం గంట నుంచి రాత్రి లైట్లు ఆర్పేదాకా వందమంది ఒకేచోట ఉంటాం. మాట్లాడటానికి మనిషి దొరకడం కంటే భాషకు ఏం కావాలి? పైసా ఖర్చు లేకుండా చేయదగినవి ఇవి.

1. రంగు చీటీలు: తలుపు (లా పుయేర్తా), కిటికీ (లా బెంతానా), మంచం (లా కామా) వంటి స్త్రీలింగాలకు ఎర్ర చీటీ అంటించండి. కంచం (ఎల్ ప్లాతో), గ్లాసు (ఎల్ బాసో), నోటు పుస్తకం (ఎల్ క్వాదెర్నో) వంటి పుంలింగాలకు నీలం చీటీ. నెల తిరిగేసరికి రంగుతోపాటు లింగం గుర్తుండిపోతుంది.

2. హాజరు: వారంలో ఒక రోజు రాత్రి హాజరుకు "ప్రెసెంతె" అని పలకండి. వార్డెన్ గారి అనుమతి ముందుగా తీసుకోండి సుమా!

3. అష్టాచెమ్మా: గవ్వలు వేసినప్పుడల్లా స్పానిష్‌లో లెక్కపెట్టాలి. ఊనో, దోస్, త్రేస్, క్వాత్రో, సింకో, సేయిస్, సియేతె, ఓచో. తప్పు లెక్కపెడితే ఆట పోయినట్టే. ఎనిమిదిదాకా వచ్చాక న్వేబె, దియేస్ చేర్చి తంబోలాకు వెళ్లండి.

4. మెనూ బోర్డు: తెలుగు మెనూ పక్కన స్పానిష్ రాయండి. అన్నం అర్రోస్, గుడ్డు ఉవేబో, పాలు లేచె, అరటిపండు ప్లాతనో, నీళ్లు ఆగ్వా.

5. ఆదివారం అరగంట: ట్యూటర్ గారి ఫోన్లో ఒక చిన్న స్పానిష్ సంభాషణ మూడుసార్లు వినండి. మొదటిసారి ఊరికే వినాలి, రెండోసారి తెలిసిన మాటలు రాసుకోవాలి, మూడోసారి వెంట పలకాలి.

6. వార్షికోత్సవ నాటిక: అయిదు నిమిషాలు చాలు. సంతలో బేరం, బస్టాండులో దారి అడగడం లాంటివి. చూసేవాళ్లకు అర్థం కాకపోయినా ఆడినవాళ్లకు జన్మంతా గుర్తుంటుంది.

ఒక్క నియమం తప్పనిసరిగా పెట్టుకోండి. తప్పు మాట్లాడినవాణ్ణి చూసి ఎవరూ నవ్వకూడదు. భాష రాకపోవడం తెలివి తక్కువ కాదు. నవ్వుకు భయపడి నోరు మూసుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లలో కొందరు నాకంటే తెలివైనవాళ్లు.

మనకు దారి చూపినవారు

మన ఉత్తరాంధ్రలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడి హైస్కూల్లో ఉపాధ్యాయులు. అప్పటికి వ్యాకరణం, నిఘంటువు లేని సవర భాషను ఆ భాష మాట్లాడే మనిషి నోటి నుంచే విని నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పాఠాలు రాశారు. పరాయి భాష నేర్చుకోవడమంటే ఎదుటి మనిషిని గౌరవించడమని ఆయన జీవితం చెబుతుంది.

పి.వి. నరసింహారావు గారు తెలంగాణ పల్లెలో పుట్టి స్పానిష్ సహా అనేక భాషలు నేర్చుకున్నారు. 1971లో ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. తర్వాత కేంద్ర మంత్రిగా నవోదయ విద్యాలయాలకు కారకులయ్యారు.

ఇక మనలాంటి సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. 2019లో అర్జెంటీనాలోని అకాంకాగువా పర్వతం ఎక్కింది. ఆ కొండ చుట్టుపక్కల ఊళ్లలో మాట్లాడేది స్పానిషే. మన పిల్లలు ఎక్కడిదాకా వెళ్లగలరో ఆమె చూపించింది. వెళ్లినచోట నాలుగు మాటలు మాట్లాడగలిగితే ఇంకా బాగుంటుంది కదా!

ముందు దారి

ఇంటర్మీడియట్ తర్వాత హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ), ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం స్పానిష్‌లో బి.ఏ. ఆనర్స్ నేర్పుతాయి. రెండూ కేంద్ర విశ్వవిద్యాలయాలే కాబట్టి రిజర్వేషన్లు వర్తిస్తాయి. ప్రవేశ పరీక్ష ఉంటుంది. స్పానిష్ ముందే వచ్చి ఉండాలన్న నియమం లేదు. స్పెయిన్ ప్రభుత్వపు సెర్వాంతెస్ సంస్థ ఢిల్లీలో ఉంది. దేలె అనే పరీక్షను ఆరు స్థాయిల్లో నిర్వహిస్తారు. అనువాదం, బోధన, పర్యాటకం, ఎగుమతులు, సాఫ్ట్‌వేర్ కంపెనీల కస్టమర్ సేవ వంటి రంగాల్లో ఈ భాషకు పని ఉంది.

అయితే స్పానిష్ వస్తే చాలు, ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. పదో తరగతి సబ్జెక్టులు పక్కన పెట్టమని అసలే చెప్పను. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఏడాదికి మీకు పలకరింపులు, లెక్కలు, రెండు మూడు వందల మాటలు వస్తాయి. అంతకంటే ముఖ్యంగా, "తెలుగు మీడియం వాళ్లకు పరాయి భాషలు రావు" అన్న మాట అబద్ధమని మీకు మీరే రుజువు చేసుకుంటారు. ఆ ధైర్యంతో ఇంగ్లీషు క్లాసులో కూడా చెయ్యి ఎత్తుతారు. నాకు జరిగింది అదే.

అభ్యాసం

కింది వాక్యాలను స్పానిష్‌లో చెప్పండి. ముందు తెలుగు వాక్యాన్ని బాగా చూడండి, జవాబు అందులోనే ఉంది.

1. నాకు పాలు ఇష్టం.
2. నేను విద్యార్థిని.
3. నేను విశాఖపట్నంలో ఉన్నాను.
4. నాకు ఒక అక్క ఉంది.
5. ఈరోజు గుడ్లు ఉన్నాయి.

జవాబులు: 1. మె గుస్తా లా లేచె. 2. సోయ్ ఎస్తుదియాంతె. 3. ఎస్తోయ్ ఎన్ విశాఖపట్నం. 4. తేంగో ఉనా ఎర్మానా. 5. ఓయ్ ఆయ్ ఉవేబోస్.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు మన పెద్దలు. ముందు నోరు తెరవాలి కదా! ఈసారి రాస్ హిల్ ఎక్కినప్పుడు ఏ ఓడ మీదనుంచైనా ఎవరైనా చెయ్యి ఊపితే గట్టిగా "ఓలా!" అనండి. వినపడకపోయినా పరవాలేదు.



మన హాస్టల్ పూర్వ విద్యార్థి